పెద్దాయన బ్యాటరీ

ఆ ఉదయం బిస్కట్ ఫ్యాక్టరీ ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారిని ఆస్పత్రి దగ్గర దింపాలి. ఫ్యాక్టరీకి వెళ్ళి ఒక బ్యాటరీ మార్చాలి. తిరిగి వచ్చి మామగారిని ఇంటికి చేర్చాలి. బ్యాటరీ పనికి చిన్న మూత తీసి, పాతది లాగి, కొత్తది పెట్టి, మూత వేస్తే చాలు. ఇలాంటి చిన్న చిన్న పథకాలు వేసుకునేవాళ్ళంటే విధికి ఎందుకంత కచ్చో ఎవరికీ తెలియదు.

"ఏవండీ, నాన్నని అక్కడ వదిలేసి మీ మెషిన్ల ధ్యాసలో పడి మర్చిపోకండి" అంది భార్య లంచ్ బాక్సు చేతికిస్తూ. "ఇవాళ ఆయన గుండె దగ్గర పెట్టిన బ్యాటరీకి పరీక్ష. ఎంత అరిగిందంటారో ఏమో, నాకు భయంగా ఉంది."

"మర్చిపోను."

"పోయినసారి కూడా ఇదే మాటన్నారు. ఆయన సాయంత్రం దాకా ఆస్పత్రి బెంచీ మీదే కూర్చున్నారు."

ఇంజనీరు లంచ్ బాక్సు సంచిలో పెట్టుకున్నాడు. తాను మార్చబోయేది కూడా బ్యాటరీయేనని చెబుదామనుకున్నాడు గానీ, ఫ్యాక్టరీ సంగతులు ఇంట్లో ఎత్తకూడదన్నది భార్య పెట్టిన చట్టం. పెళ్ళైన కొత్తలో ఆమెను ఒక పార్కుకు తీసుకువెళ్ళి, చీకటి పడేదాకా కన్వేయర్ బెల్టు గురించి చెప్పాడు. చట్టం ఆ రాత్రే అమల్లోకి వచ్చింది. అది లేకపోతే ఈ కథ కూడా ఉండేది కాదు.

హాల్లో మామగారు పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పేకాట ఆడుతున్నారు.

"ఈ ఒక్క ఆటా అయిపోనీ అల్లుడూ."

"వచ్చాక ఆడుకుందురుగాని మామగారూ, పదండి."

"నా గుండె ఆగినా ఫరవాలేదు గానీ ఆట ఆగకూడదు" అని గొణుక్కుంటూ ఆయన లేచారు.

ఫ్యాక్టరీలో పిండి కలిపే యంత్రం ఎప్పుడు తిరగాలో, బెల్టు ఎప్పుడు కదలాలో, పొయ్యి ఎంత వేడెక్కాలో చెప్పేది కంట్రోల్ ప్యానెల్లో ఉన్న ఒక నల్లటి డబ్బా. దాన్ని పీఎల్‌సీ ప్రాసెసర్ అంటారు. ఫ్యాక్టరీ మొదలైన రోజు నుంచీ అక్కడే ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీ కూడా దాన్ని మర్చిపోయి చాలా కాలమైంది. ఇంజనీరు మాత్రం దాన్ని ప్రేమగా 'పెద్దాయన' అంటాడు. ప్యానెల్ గదిలో ఎవరూ లేనప్పుడు దాని మొహం మీదే అంటాడు. ఆఫీసులో అయితే పెద్దాయన అంటే ఫ్యాక్టరీ పెట్టిన యజమాని. ఇంటి చుట్టుపక్కల పెద్దాయన అంటే మామగారు. ఒకే పిలుపు ముగ్గురికి ఉండటం నేరమేమీ కాదు. అంతవరకూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు కూడా.

ఈ మధ్య ప్రాసెసర్‌కి ఒంట్లో బాగుండటం లేదు. ఉన్నట్టుండి లైను ఆగిపోతోంది. అలా మూడోసారి ఆగినప్పుడు మేనేజరు ఇంజనీరును గదిలోకి పిలిచి నిలబెట్టే మాట్లాడాడు.

"ఇంకొక్కసారి లైను ఆగిందంటే, ఆ డబ్బానీ మిమ్మల్నీ ఒకే లారీలో ఎక్కించి పంపించేస్తాను. కాంట్రాక్టు కంపెనీ వాళ్ళు కొత్త సిస్టమ్ పెడతామంటున్నారు. చూసుకోవడానికి మనుషుల్ని కూడా వాళ్ళే పంపుతారట. ఆలోచించుకోండి."

ఇంజనీరు రోజూ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆ డబ్బా తప్ప ఆయనకు వేరే విద్య రాదు. ఈ వయసులో పిలిచి ఉద్యోగమిచ్చేవాడు ఎవడూ లేడు. పైగా ఆ డబ్బా అంటే ఇష్టం. ఇష్టమైన పని పోతుందేమోనన్న భయం జీతం పోతుందేమోనన్న భయం కంటే ఎక్కువగా నిద్ర చెడగొడుతుందని ఆయనకు ఈ మధ్యే తెలిసింది.

ఆ వారం ప్రాసెసర్ మీద పసుపు దీపం వెలిగింది. లోపలి బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. లైను శుభ్రం చేయడానికి ఆ రోజు మధ్యాహ్నం వరకు ఎలాగూ ఆపుతారు కనుక, ఈలోగా బ్యాటరీ మార్చేస్తే ఎవరికీ తెలియకుండా గండం గట్టెక్కుతుంది. ఒక్కటే నియమం. కరెంటు ఉండగానే బ్యాటరీ మార్చాలి. బ్యాటరీ బయటున్న క్షణంలో కరెంటు కూడా పోయిందంటే లోపల రాసిపెట్టిన ప్రోగ్రాం అంతా ఆవిరైపోతుంది.

మామగారిని ఆస్పత్రిలో దింపి, గేటు దగ్గర లాకర్లో ఫోను పెట్టి, ఇంజనీరు లోపలికి వచ్చాడు. ప్యానెల్లో పనిచేసేవాళ్ళ దగ్గర ఫోను ఉండకూడదన్నది కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు నియమం. ఆయన వచ్చీ రాగానే గేటు దగ్గర ఒక పెద్ద బోర్డు పెట్టించాడు. 'ఈ ఏడాది ప్రమాదాలు: సున్నా' అని ఒక వరస. దాని కింద 'కాపాడిన ప్రాణాలు' అని ఇంకో వరస. ఆ రెండో వరస ఖాళీగా ఉండటం ఆయన్ని లోలోపల తినేస్తోంది.

ఇంజనీరు ప్యానెల్ తలుపు తీశాడు. ప్రాసెసర్ మూత తీశాడు. "కాస్త ఓర్చుకో పెద్దాయనా" అంటూ పాత బ్యాటరీ బయటికి లాగాడు.

సరిగ్గా అప్పుడే సేఫ్టీ ఆఫీసరు అటుగా వచ్చాడు. ప్యానెల్లో కరెంటు ఉంది. లోపల ఒక మనిషి చెయ్యి ఉంది. ఆయన జన్మంతా ఎదురుచూసిన దృశ్యం అది. ఒక్క గెంతులో గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేశాడు.

గది చీకటైంది. ప్రాసెసర్ మీద దీపాలన్నీ ఆరిపోయాయి.

"భయపడకండి! కట్టేశాను! మీ ప్రాణానికేం ఫరవాలేదు!" అని చీకట్లోంచి విజయగర్వంతో ఒక గొంతు వినిపించింది.

"వెయ్యండి! వెయ్యండి స్విచ్చి!" అని ఇంజనీరు అరిచిన అరుపు చిన్నపిల్లలు వినదగ్గది కాదు.

కరెంటు వచ్చింది. ఎర్ర దీపం టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంజనీరు గబగబా కొత్త బ్యాటరీ పెట్టి, డబ్బా మీది తాళంచెవి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆపి మళ్ళీ వేశాడు. ప్రాసెసర్‌ను ఊడదీసి, దాని కాళ్ళు రబ్బరుతో తుడిచి, మళ్ళీ గూట్లోకి నొక్కాడు. ఎర్ర దీపం కొట్టుకుంటూనే ఉంది. ఇన్నేళ్ళుగా లోపల ఉన్న తెలివంతా పోయింది. ఇప్పుడది నిజంగానే ఒక డబ్బా.

ఇంజనీరు పాత బ్యాటరీ చేతిలో పట్టుకుని నేల మీద కూలబడిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పెద్దాయన పోయాడు" అన్నాడు.

సేఫ్టీ ఆఫీసరు గతుక్కుమన్నాడు. ఆయనకు తెలిసిన పెద్దాయన ఒక్కడే. ఆఫీసు గోడ మీద ఫొటోలో నవ్వుతూ ఉండే యజమాని. ఇంత దుఃఖంలో ఉండి కూడా పని మానని ఈ ఇంజనీరు మీద ఆయనకు ఒక్కసారిగా గౌరవం కలిగింది.

"అయ్యో! ఎప్పుడండీ?"

"మీరు చూస్తుండగానే కదండీ!" ఇంజనీరు తల కొట్టుకున్నాడు. అంతలో ఒక ఆశ మెరిసింది. ప్రోగ్రాం కాపీ ఒకటే ఒకటి ఉంది. ఈ ప్రాసెసర్ కేబుల్ పట్టే ఆఖరి ల్యాప్‌టాప్‌లో ఉంది. పొద్దున మామగారు పేకాట ఆడింది ఆ ల్యాప్‌టాప్ మీదే. "మీకు పుణ్యముంటుంది, మా ఇంటికి ఫోన్ చేసి ఆ పాత ల్యాప్‌టాప్ వెంటనే పంపించమనండి. నా చేతులు ఆడటం లేదు."

సేఫ్టీ ఆఫీసరు నంబరు అడిగి తీసుకుని తన గదికి పరిగెత్తాడు.

"అమ్మా, ధైర్యంగా వినండి. పెద్దాయన పోయారు."

అవతల ఏదో గిన్నె కింద పడింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే. మీవారు ఇక్కడే ఉన్నారు. బ్యాటరీ చేతిలో పట్టుకుని అలాగే కూలబడిపోయారు."

"బ్యాటరీ ఆయన చేతికెలా వచ్చిందండీ? డాక్టర్లేం చేస్తున్నారు?"

ఆఫీసరుకు ఈ ప్రశ్న అర్థం కాలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళతో వాదించకూడదని ఆయనకు శిక్షణలో చెప్పారు. "అంతా అయిపోయిందమ్మా. ఆ పాత ల్యాప్‌టాప్ ఒకటి తెమ్మంటున్నారు. అది లేకపోతే ఇంక ఏమీ చేయలేరట."

ఆమె ఏడుస్తూనే అర్థం చేసుకుంది. నాన్న ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. భర్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తండ్రికి చేస్తే స్విచాఫ్. ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని ఆమె ఆస్పత్రికి బయలుదేరింది.

ఇటు సేఫ్టీ ఆఫీసరు తన బాధ్యతగా మేనేజరుకు కూడా కబురు చెప్పాడు. మేనేజరు వెంటనే యజమానికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఆ ఫోనుకు బ్యాటరీ అయిపోయిందని ఆయనకు తట్టలేదు. పోయినవాళ్ళు ఫోనెత్తరన్నదే తట్టింది. అన్ని బ్రాంచీలకూ సంతాప సందేశం పంపించాడు. ఆ రోజుకు సెలవు ప్రకటించాడు. సెలవు మాట వినగానే పనివాళ్ళ మొహాలు వికసించి, కారణం వినగానే మర్యాదగా వాడిపోయాయి. గోడ మీది ఫొటోను దించి, ఆవరణలో బిస్కట్ అట్టపెట్టెల మీద నిలబెట్టారు. ఫ్యాక్టరీ పెట్టిన రోజున తీసిన ఫొటో అది. అందులో యజమానికి నల్లటి ఒత్తైన జుట్టు ఉంది. సేఫ్టీ ఆఫీసరు గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరికీ నల్ల రిబ్బను పెట్టి వరసలో నిలబెట్టే పని తీసుకున్నాడు.

ఆస్పత్రిలో కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ మీంచి కళ్ళు ఎత్తలేదు.

"పెద్దాయన... గుండె బ్యాటరీ..." అంది ఇంజనీరు భార్య వెక్కుతూ.

"ఆయనదా? అయిపోయిందమ్మా, ఇందాకే. చాలా తేలిగ్గా అయిపోయింది. ఏమీ ఇబ్బంది పడలేదు."

"ఆఖరున ఏమైనా అన్నారా?"

"అల్లుడు రాలేదని తిట్టారు."

"ఇప్పుడు... ఎక్కడ ఉంచారు?"

"ఉంచడమేంటి? వెళ్ళిపోయారుగా. ఫ్యాక్టరీకే వెళ్ళి అల్లుడి సంగతి తేలుస్తానన్నారు. ఆ బ్యాటరీ ఇంకా చాలా ఏళ్ళు వస్తుందని డాక్టరుగారు చెప్పారు, వినిపించుకోకుండా వెళ్ళారు. మీరైనా చెప్పండి."

ఆమె వెక్కు సగంలో ఆగిపోయింది. ఆ మిగిలిన సగం ఎటు పోవాలో తెలియక కాసేపు గొంతులోనే తిరిగి, చివరికి భర్త మీద కోపంగా స్థిరపడింది.

ఈలోగా ప్యానెల్ గదిలో ల్యాప్‌టాప్ కోసం చూసి చూసి, ఇంజనీరు గేటు వైపు వచ్చాడు. ఆవరణ నిండా జనం. అందరూ తలలు వంచి మౌనంగా నిలబడి ఉన్నారు. అందరి చొక్కాలకూ నల్ల రిబ్బన్లు. ఎత్తైన మనుషుల వెనక ఆయనకు ఫొటో కనిపించలేదు.

"ఏంటండీ ఇదంతా?" అన్నాడు లోగొంతుతో.

"పెద్దాయన కోసమండీ" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు ఆయన భుజం మీద చెయ్యి వేసి.

ఇంజనీరు గుండె కరిగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ డబ్బాను తానొక్కడే ప్రేమించాడనుకున్నాడు. ఇంతమంది మనసుల్లో ఇంత ఉందని ఊహించలేదు.

"మేనేజరుగారు కూడా వచ్చారా?"

"ఏర్పాట్లన్నీ ఆయనవే. కుమిలిపోతున్నారు."

"నేనాయన్ని అపార్థం చేసుకున్నానండీ" అని ఇంజనీరు కళ్ళు తుడుచుకుని, తాను కూడా రిబ్బను పెట్టించుకుని వరసలో నిలబడ్డాడు.

ఆఖరి వరసలో ఇద్దరు ముసలివాళ్ళు పక్కపక్కనే ఉన్నారు. ఒకరు ఇంజనీరు మామగారు. అల్లుణ్ణి దులిపేద్దామని వచ్చి, గేటు దగ్గర రిబ్బనుకు దొరికిపోయారు. రెండో ఆయన బట్టతల మనిషి, ఊరి నుంచి ఇప్పుడే కారు దిగి లోపలికి వచ్చాడు. సేఫ్టీ ఆఫీసరు ఆయన్ని ఎన్నడూ చూడలేదు కనుక, రిబ్బను పెట్టి వెనక నిలబెట్టాడు. ఇంతమంది తలలు వంచుకుని ఉంటే అడగడం బాగుండదని ఆయన కూడా తల వంచాడు.

"ఎవరండీ పోయింది?" అన్నాడాయన గుసగుసగా.

"తెలీదండీ. ఎవరో పెద్దాయనట" అన్నారు మామగారు.

"వయసెంతో?"

"మన వయసే అయ్యుంటుంది."

"పాపం. మంచివాడిలా ఉన్నాడు, ఇంతమంది వచ్చారు."

"సెలవిచ్చారటండీ."

"ఓహో" అన్నాడు బట్టతల ఆయన, కొంచెం ఆలోచనలో పడి.

అప్పుడే గేటులోంచి ల్యాప్‌టాప్‌తో ఇంజనీరు భార్య పరిగెత్తుకొచ్చింది. జనాన్నీ రిబ్బన్లనూ చూసేసరికి ఆస్పత్రిలో విన్నది నిజమేనా అని ఆమెకు మళ్ళీ అనుమానం వచ్చింది. ఆఖరి వరసలో తండ్రి కనిపించేసరికి ఆగలేకపోయింది.

"నాన్నా! బతికే ఉన్నావా!"

మౌనం భళ్ళున పగిలింది. ఇంజనీరు వెనక్కి తిరిగి చూశాడు. ఆయనకు భార్య కనిపించలేదు, మామగారు కనిపించలేదు, ల్యాప్‌టాప్ ఒక్కటే కనిపించింది. వచ్చి లాక్కుని లోపలికి పరిగెత్తాడు.

"ఆట మధ్యలో ఉంది, మూసెయ్యకు అల్లుడూ!" అని వెనక నుంచి మామగారు కేక వేశారు.

"ఇంటికి రండి, మీ ఆట నేను కట్టిస్తాను!" అంది భార్య. ఆ మాట ఇద్దరిలో ఎవరికో చుట్టుపక్కల వాళ్ళకు తెలియలేదు.

ఇంజనీరు కేబుల్ తగిలించాడు. మామగారి పేకముక్కల వెనక, వాన వెలిశాక ఎండలాగా, ప్రోగ్రాం కాపీ చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని ప్రాసెసర్లోకి పంపించి ఊపిరి బిగబట్టాడు. ఎర్ర దీపం ఆగింది. పసుపు దీపం ఆరింది. తాళంచెవి తిప్పగానే ఆకుపచ్చ దీపం నిలకడగా వెలిగింది. ఇంజనీరు ఆ డబ్బా మీద తల ఆనించి ఏడ్చాడు. బయట లైను మధ్యాహ్నం దాకా ఆగేదే కనుక, ఇది ఎవరి లెక్కలోనూ పడదు. ఉద్యోగం నిలబడింది. ఆ క్షణంలో ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి లేడు.

ఆవరణలో మేనేజరు ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆ ఉపన్యాసం ఆయన దగ్గర చాలాకాలంగా సిద్ధంగా ఉన్నట్టుంది, కాగితం లేకుండా ధారగా వస్తోంది.

"పెద్దాయన పోయారని ఎవరన్నారు? ఆయన ఎక్కడికీ పోలేదు! ఆయన ఇక్కడే, మన మధ్యే ఉన్నారు!" అని చెయ్యెత్తి ఆఖరి వరస వైపు చూపించాడు. చూపించిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

అంతలో లైను మొదలయ్యే ముందు మోగే హారన్ ఫ్యాక్టరీ అదిరిపోయేలా మోగింది.

బట్టతల ఆయన వరసలోంచి ముందుకు వచ్చాడు. అట్టపెట్టెల మీది ఫొటో దగ్గర ఆగి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చూశాడు.

"ఏమయ్యా, పోయింది ఎవరు?"

"మీరే సార్" అన్నాడు మేనేజరు.

ఎవరు చెప్పారంటే ఎవరు చెప్పారని తీగ లాగుతూ పోతే మేనేజరు సేఫ్టీ ఆఫీసరును చూపించాడు, సేఫ్టీ ఆఫీసరు ప్యానెల్ గదిని చూపించాడు. అందరూ అక్కడికి వెళ్ళారు. ఇంజనీరు లేచి నిలబడి, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నేనన్నది ఈయన గురించి సార్" అని డబ్బాను చూపించాడు.

యజమాని దాని దగ్గరికి వెళ్ళి చేత్తో నిమిరాడు. "దీన్ని నేనే కొన్నాను. అప్పటి నుంచీ పనిచేస్తూనే ఉందా?"

"ఇప్పుడు కూడా భేషుగ్గా పనిచేస్తోంది సార్. ఇంక ఏ భయమూ లేదు."

"నేను పోతే సెలవైనా ఇచ్చారు. దీనికి ఒక్క రోజైనా ఇచ్చారా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంతకాలం పనిచేసినదాన్ని ఇంకా కష్టపెట్టడం పాపం. విశ్రాంతి ఇవ్వండి. రేపే కొత్త సిస్టమ్ చెప్పండి."

"వద్దు సార్! ఇది బాగానే ఉంది సార్!" అన్నాడు ఇంజనీరు.

"నా మొహం మీద కూడా అందరూ అలాగే అంటారయ్యా. నీ ప్రేమ నాకర్థమైంది. దీన్ని గేటు దగ్గర అద్దాల పెట్టెలో పెట్టిస్తాను. వచ్చేపోయేవాళ్ళకి చూపించాలి. దీని మంచీచెడూ తెలిసినవాడివి నువ్వొక్కడివే, నువ్వు కూడా అక్కడే కూర్చో. జీతం ఏమీ తగ్గదు."

"ఒకే లారీలో..." అని మేనేజరు నోరు జారి, "అంటే, ఒకేసారి మార్పిస్తాను సార్" అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో ఇంజనీరు జేబులోంచి పాత బ్యాటరీ తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. భార్యకు పొద్దుటి నుంచి దాచుకున్న తిట్లు చాలా ఉన్నాయి. ఆయన మొహం చూశాక ఆమెకు వాటిలో ఒక్కటీ రాలేదు. పక్కన కూర్చుని, "ఆ కన్వేయర్ బెల్టు గురించి ఏదో చెబుతుండేవారు కదా, చెప్పండి" అంది. ఆయన చెప్పలేకపోయాడు.

ఇప్పుడు లోపల కాంట్రాక్టు కంపెనీ వాళ్ళ కొత్త సిస్టమ్ ఉంది. అది తరచూ ఆగుతూ ఉంటుంది. ఇంజనీరును అటు రానివ్వరు. ప్రాసెసర్ గేటు దగ్గర అద్దాల పెట్టెలో ఉంది. ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉండాలని యజమాని కోరిక. అందుకని, తీగలన్నీ తెగిపోయాయన్న సంగతి దానికి తెలియకుండా ఇంజనీరు ప్రోగ్రాం మార్చాడు. ఆయన చేసిన ఆఖరి ఇంజనీరు పని అదే. ప్రాసెసర్ లెక్కలో అది ఇప్పటికీ పిండి కలుపుతోంది, బెల్టు నడుపుతోంది, బిస్కట్లు కాలుస్తోంది. మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు ఆయన అద్దం తుడుస్తూ, "ఎలా ఉంది పెద్దాయనా?" అని అడుగుతాడు.

పెట్టె పక్కనే సేఫ్టీ ఆఫీసరు బోర్డు ఉంది. ప్రమాదాలు ఇంకా సున్నాయే. కాపాడిన ప్రాణాల వరసలో 'ఒకటి' అని ఎర్ర రంగుతో పెద్దగా రాయించారు. ఆ ప్రాణం ఎవరిదని చూడవచ్చినవాళ్ళు అడిగితే, సమాధానం చెప్పడం కూడా ఇంజనీరు డ్యూటీయే.